పెన్నులా పట్టుకున్న బ్యాటు

నేను పాడేరులో టీచరుగా చేరిన కొత్తలో, తొంభైల చివర్లో, ఊళ్లో నేనెరిగిన టేబుల్ టెన్నిస్ బల్ల ఒక్కటే. అది ఉద్యోగుల క్లబ్బులో ఉండేది. అక్కడ ఆడవాళ్లు అడుగుపెట్టకూడదని ఎక్కడా రాసి లేదు గానీ, పెట్టినవాళ్లూ లేరు. నేను పెట్టాను. ట్రైనింగ్ కాలేజీలో రెండేళ్లు ఆడినదాన్ని, చెయ్యి ఊరుకోదు కదా!

క్లబ్బు సెక్రటరీ ఏదో ఆఫీసులో గుమాస్తా. పొట్ట బల్ల అంచుకి ఆనకుండా ఆడలేడు, అయినా ఊళ్లో అందర్నీ ఓడించేవాడు. ఆడవాళ్లని చేర్చుకోవాలంటే మీటింగు పెట్టాలి, తీర్మానం రాయాలి అని కాసేపు నసిగాడు. నేను కదల్లేదు. చివరికి, సరే, తనతో ఓ గేము ఆడి చూపించమన్నాడు. నేను బ్యాటు పట్టుకోగానే నవ్వు మొదలైంది. నాకు నేర్పిన మాస్టారు బ్యాటుని పెన్ను పట్టుకున్నట్టు పట్టుకునేవారు. లోకమంతా అలాగే పట్టుకుంటుందనుకున్నాను.

"అది బ్యాటు మేడమ్, సుద్దముక్క కాదు" అన్నాడు సెక్రటరీ.

కుడివైపు వచ్చిన బంతిని నేను చితక్కొట్టగలను. ఎడమవైపు వస్తేనే చావు. బ్యాటు ముందువైపే అడ్డం పెట్టి నెట్టడం తప్ప నాకింకేమీ రాదు. బంతి జోరుగా వస్తే అది చాలు, దాని జోరుకి అదే తిరిగిపోతుంది. మెల్లగా, బల్ల చివరిదాకా వస్తే మాత్రం నేను నెట్టిన బంతి గాల్లోకి లేచేది, ఆయన తీరుబడిగా బాదేవాడు. రెండు నిమిషాల్లో కనిపెట్టేశాడు మహానుభావుడు. బంతులన్నీ ఎడమవైపే. చిత్తుగా ఓడాను. మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చి మూడు గేముల్లో రెండింట తనని ఓడిస్తే రోజూ ఆడుకోనిస్తానని, ఓడితే ఆ గుమ్మం తొక్కకూడదని పందెం వేశాడు. ఒళ్లు మండిపోయి ఒప్పుకున్నాను.

ఆ వారమే ఓ ఇంట్లో టీవీలో ఒక చైనా కుర్రాడి ఆట చూశాను. వాడూ నాలాగే పట్టుకున్నాడు. కానీ ఎడమవైపు బంతి రాగానే మణికట్టు తిప్పి బ్యాటు వెనకవైపుతో కొడుతున్నాడు! నా బ్యాటు వెనక ఉత్త చెక్క. వైజాగ్ నుంచి రబ్బరు ముక్క తెప్పించి, సైకిల్ షాపులో పంక్చర్ సొల్యూషన్‌తో అతికించాను. పిల్లల్ని కొట్టడానికా అని అడిగాడు షాపతను.

ప్రాక్టీసు మా స్కూలు హాస్టల్ భోజనాల హాల్లో. బల్లలు రెండు కలిపి, మధ్యలో ఇటుకల మీద చెక్క నిలబెట్టాను. అవతల నుంచి బంతులు విసిరేది మా వంటామె. కొండమీది ఊరు ఆమెది, హాస్టల్లో రోజుకూలీ. పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడిగే గిన్నెలో బంతులు పోసుకుని వచ్చేది. నాకు పిచ్చెక్కిందని మొదటిరోజే మొహం మీద చెప్పింది. అయినా వచ్చేది.

నేనేమో టీచర్ని, బుద్ధి ఎక్కడికి పోతుంది? దానికీ టైంటేబుల్ వేశాను. మొదటి బంతి ముందువైపుతో నెట్టాలి, రెండోది చెయ్యి తిప్పి వెనకవైపుతో కొట్టాలి, మూడోది నెట్టాలి, నాలుగోది కొట్టాలి. వచ్చే బంతి ఎలాంటిదైనా సరే. బంతులు దూలాలకి తగిలాయి, ఒకటి సాంబారులో పడింది. పదిరోజులైనా సగం బంతులు తగలడం లేదు. నువ్వే సరిగ్గా విసరడం లేదని ఆమె మీద విరుచుకుపడ్డాను. ఆమె గిన్నె కింద పెట్టింది.

"నువ్వు బంతిని సూత్తన్నావేటి మేడమ్? సేతినే సూత్తన్నావు. బేగి వచ్చేదానికి సెయ్యి తిప్పడానికి టైమేదీ? దాన్ని ఊరికే ఆపు. నెమ్మదిగా వచ్చేదానికే తిప్పు."

ఏజెన్సీలో ఎవర్నైనా నువ్వనే అంటారు, దానికి నేను నొచ్చుకోలేదు. ఆట రానామె చెప్పిందే అని నొచ్చుకున్నాను. కానీ మర్నాటి నుంచి అలాగే ఆడాను. రెండు వారాలకి చెయ్యి దానంతటది తిరగడం మొదలెట్టింది. ఆమెకీ సరదా పట్టుకుంది, నాకంటే ముందే వచ్చి కూచునేది. ఒకరోజు, నువ్వు గెలిస్తే ఆ అసలు బల్ల మీద నేనూ ఒకసారి ఆడొచ్చా అని అడిగింది. ఒకసారేంటి, రోజూ ఇద్దరం ఆడదాం అన్నాను. మాటిచ్చాను.

మ్యాచ్ రోజు ఆమె వంట త్వరగా ముగించి, ఉతికిన చీర కట్టుకుని నాతో వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడింది. మొదటి గేము ఓడాను, రెండోది గెలిచాను. మూడోదాంట్లో ఆయన జోరుగా కొట్టినవి ఆపాను, మెల్లగా పంపినవి తిప్పి కొట్టాను. ఆఖరి బంతి మెల్లగా, ఎడమవైపు బల్ల చివరికి వచ్చింది. మణికట్టు తిప్పి కొడితే అవతల బల్ల మీద పడి ఆయన పొట్టకే తగిలింది! అంతా చప్పట్లు. సెక్రటరీ దండం పెట్టి, టీ తెప్పించాడు. నా అంతటిది లేదనుకున్నాను.

ఆ ఊపులో గుమ్మం వైపు తిరిగి, రా, నువ్వూ ఆడు అని వంటామెకి బ్యాటు చాపాను. ఆమె చెప్పులు విడిచి లోపలికి ఒక అడుగు వేసింది.

"మీరంటే ఉద్యోగస్తులు, ఒప్పుకున్నాం మేడమ్. ఆవిడ కూలీ మనిషి కదా" అన్నాడు సెక్రటరీ, టీ కప్పు నా చేతికిస్తూ.

అందరూ నా వైపు చూశారు. ప్రతిదానికీ నోరేసుకుని పడిపోయేదాన్ని. కూలీలు ఆడకూడదన్న తీర్మానం ఎక్కడుందో చూపించమని అడగొచ్చు, బ్యాటు బల్ల మీద పడేసి బయటికి నడవొచ్చు. కానీ అప్పుడే కదా నన్ను రానిచ్చారు. "సరే, తర్వాత చూద్దాం" అన్నాను. టీ తాగాను కూడా. గిన్నెలు తోమాలని చెప్పి ఆమె వెళ్లిపోయింది. నేను చీకటి పడేదాకా ఆడాను. బాగా ఆడాను, సిగ్గులేకుండా.

మర్నాడు పొద్దున్న బ్యాటు పట్టుకుని భోజనాల హాల్లోకి వెళ్లాను. ఆమె గుమ్మడికాయ కోస్తోంది. కాసేపు బంతులు విసురుతావా అని అడిగాను. తలెత్తకుండానే చెప్పింది.

"ఇంకెందుకు మేడమ్, గెలిసీసావు కదా."