తడిపి రుబ్బిన నమూనా

మా పెద్దమ్మ ఆహార పరీక్షల ల్యాబులో ఇరవై రెండేళ్లుగా మర ఆడిస్తోంది. బిస్కెట్లు, మొక్కజొన్న అటుకులు, పసిపిల్లల గోధుమపొడి, ఏది వచ్చినా ముందు ఆవిడ చేతికే వస్తుంది. ఆవిడ పొడి చేసి, డబ్బాకెత్తి, నలభై మెట్లెక్కి పైన ఇస్తే, కెమిస్టు అందులోంచి చెంచాడు తీసుకుని బూజు విషం ఎంతుందో చూస్తాడు.

ఓసారి ఒకే అటుకుల సంచికి మూడుసార్లు మూడు అంకెలొచ్చాయి. విషం హద్దు పది, అది దాటకూడదు. ఒకసారి రెండు, ఒకసారి ఏడు, ఇంకోసారి పద్దెనిమిది. కొత్తగా వచ్చిన మేడం మర సరిగా కడగడం లేదని తేల్చేసి, సోమవారం నుంచి సీసాల గదికి వెళ్లమంది. పెద్దమ్మకి సీసాలు కడగడం నామోషీ కాదు. తన చేతిపనికి మచ్చ పడిందనే బాధంతా.

ఆ శనివారం ఆవిడ డబ్బాకి బదులు గాజుసీసాలో ఆ అటుకుల పొడి పోసుకుని మెట్లెక్కింది. సీసా మేడం బల్లమీద పెట్టింది. కుదుపులకి మెత్తటి పిండంతా అడుగుకి దిగింది, పొట్టు పైకి తేలింది. బూజు పట్టిన గింజ పెళుసుగా ఉంటుందని, అదే ఎక్కువ మెత్తగా నలుగుతుందని చెప్పింది. చెంచా పైన పెడితే ఒక అంకె, లోపలికి గుచ్చితే ఇంకో అంకె.

మేడం వంగి సీసాలో పొరల్ని చూసింది. “అయితే ఏం చేద్దామంటావు?”

“నీళ్లు కొలిచి పోసి, తడిపి రుబ్బుతాను మేడం. ముద్ద ఎన్ని మెట్లెక్కినా ముద్దే.”

“కాస్త ఉప్పు కూడా వెయ్యి పెద్దమ్మా,” అన్నాడు పక్కబల్ల దగ్గరున్న కెమిస్టు.

“నీ నోట్లో వేస్తాను, కాసేపు ఊరుకుంటావు.”

సంచిలో మిగిలిందంతా రుబ్బింది. కెమిస్టు పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి మూడు చెంచాలు తీశాడు. సాయంత్రానికి కాగితం పట్టుకుని రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు. పన్నెండు, పన్నెండున్నర, పన్నెండు. మూడూ హద్దు దాటినవే. ఆ సరుకు దుకాణాలకి వెళ్లకుండా అప్పటికప్పుడు ఆపించారు.

మేడం స్వయంగా మర గదికి వచ్చింది. ఎన్ని నీళ్లు, ఎంతసేపు అని అడిగి, పెద్దమ్మ చెప్పినట్టే రాసుకుని గోడకి అంటించింది. సీసాల గదికి ఇంకెవరినైనా చూస్తానంది.

పెద్దమ్మ చీరకొంగు దోపుకుని మర మూత తీసింది.

“కూర్చోండి మేడం. ఎలా కడుగుతానో చూద్దురుగాని.”