మా పాత కారుకు నీలం లైట్లు

పోయిన వారం మా కారుకు ఎడమవైపు హెడ్‌లైటు బల్బు మాడిపోతే, అనంతపురంలో గడియార స్తంభం దగ్గర కారు సామాన్లు అమ్మే అంగడికి వెళ్ళాను. అంగడాయన నా నెరిసిన జుట్టునూ, బయట నిలిపిన ముప్పై ఏళ్ళ కారునూ మార్చి మార్చి చూసి, ఈ పెద్దమ్మకు చూపు సరిగా ఆనదేమోనని జాలిపడ్డాడో ఏమో, మూడు అట్టపెట్టెలు తెచ్చి నా ముందర పేర్చాడు. "ఇవి హెచ్‌ఐడీ బల్బులు పెద్దమ్మా, ఏసుకుంటే పగలు మాదిరి కనపడతాది" అన్నాడు. పెట్టెల మీద నాలుగువేల మూడొందలు, ఆరువేలు, ఎనిమిదివేలు అని అంకెలున్నాయి. ఆ చివరి పెట్టెను చేత్తో పక్కకు నెట్టేశాను. మామూలు పసుపు బల్బు ఒకటి చాలునప్పా అని తీసుకుని బయటపడ్డాను కానీ, ఇల్లు చేరేదాకా ఒక ముసురు పట్టిన సాయంత్రం నా పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది.

నేను కణేకల్ వైపు పల్లెల్లో నర్సుగా పనిచేస్తున్న రోజులవి. కాపురం కళ్యాణదుర్గంలో. సాయంత్రం బస్సు తప్పిపోతే ఏ ఎరువుల లారీలోనో, కాయల ట్రాక్టరు మీదో కూర్చుని ఇల్లు చేరడం ఎట్లా ఉండేదో మన వయసు ఆడవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. అందుకే మా ఆసుపత్రి డాక్టరుగారు బదిలీ మీద పోతూ తన పాత కారు అమ్మేస్తానంటే, నలభై దాటిన వయసులో ధైర్యం చేసి కొన్నాను. మా ఆయన బడిపంతులు. స్టీరింగు ముట్టుకోవడానికి ససేమిరా ఒప్పుకోలేదు గానీ, పక్కన కూర్చుని నా బదులు తన కాలితో ఉత్తుత్తి బ్రేకు తొక్కుతూ ఉండేవాడు.

కారు బాగానే నడిచేది, దీపాలే కిరసనాయిలు బుడ్డీల్లాగా ఉండేవి. మా తమ్ముడికి కళ్యాణదుర్గంలో కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టే అంగడి ఉంది. కొత్తగా హెచ్‌ఐడీ అని వచ్చిందనీ, చిన్న డబ్బాలాంటిది ఒకటి బిగించి వెలిగిస్తే మామూలు బల్బుకు మూడింతలు వెలుగు వస్తుందనీ వాడే చెప్పాడు. ఇద్దరం అనంతపురం వచ్చాం. అంగట్లో గోడ మీదికి వెలిగించి చూపిస్తే, నాలుగువేల మూడొందలది కాస్త లేత పసుపుగా, ఎనిమిదివేలది ఆపరేషను గదిలో దీపంలా నీలంగా, చల్లగా కనిపించింది. తమ్ముడు లేత పసుపుదే చాలునన్నాడు. నేనేమో అంకె పెద్దదైతే వెలుతురూ పెద్దదే అనుకున్నాను. ఆ అంకె చెప్పేది రంగు సంగతేనని, వెలుతురు సంగతి కాదని అప్పుడు నాకు తెలియదు. నీలందే కావాలని పట్టుబట్టాను. అక్క మాట కాదనలేక వాడు అవే తెచ్చి బిగించాడు. కొన్నాళ్ళు నా దర్జా చెప్పనలవి కాదు. ఎదురుగా వచ్చేవాళ్ళు చేయి అడ్డం పెట్టుకుంటుంటే కూడా అది నా దీపాల గొప్పతనమే అనుకున్నాను.

మా సీమలో వాన రావడమే అరుదు గదా, ఆ రోజు మధ్యాహ్నం నుంచి సన్నగా ముసురు పట్టింది. పొద్దు గూకే వేళకు పల్లె నుంచి తిరిగి వస్తున్నాను. గోడ మీద అంత బాగా కనిపించిన ఆ నీలం వెలుతురును తడిసిన నల్లటి రోడ్డు మింగేస్తోంది. దారి అంచు ఎక్కడో, గుంత ఎక్కడో తెలియడం లేదు. తోచక పెద్ద లైటు వేశాను. ఎదురుగా ఒక చిన్న దీపం వస్తూ వస్తూ అటూ ఇటూ ఊగి, చటుక్కున రోడ్డు దిగి మాయమైంది.

బండి ఆపి, టార్చీ, నా సంచీ తీసుకుని పరుగెత్తాను. దున్ని పెట్టిన చేనులో మోపెడ్ పక్కకు పడి ఉంది, చక్రం ఇంకా తిరుగుతోంది. "ఎవురప్పా అది, కండ్లు పోయేటట్ల లైటేసుకోని వచ్చేది" అంటూ మోకాళ్ళ మీద లేస్తున్న మనిషి నా టార్చి వెలుగులో నన్ను చూసి ఆగిపోయాడు. మా తమ్ముడు. వాడికి అవతల బురదలో, రెండు చేతులతో పొట్ట పట్టుకుని మా మరదలు కూర్చుని ఉంది. ఆమెకు ఏడో నెల. పుట్టింట్లో దిగబెట్టి రావడానికి మధ్యాహ్నమే బయలుదేరాల్సింది, ఎవరిదో మోటారు పని ముగియక ఆలస్యమైందట.

"వదినా, బిడ్డ కదల్లేదు" అంది మరదలు. గట్టిగా కూడా అనలేదు.

ఇద్దరం పట్టుకుని ఆమెను కారు వెనక సీట్లో పడుకోబెట్టాం. కడుపులోని బిడ్డ గుండె వినడానికి మేము వాడే చిన్న గొట్టం ఒకటి ఉండేది. వందల మంది పొట్టల మీద ఆనించిన ఆ గొట్టాన్ని మరదలి పొట్ట మీద పెట్టి చెవి ఆనించాను. కారు కప్పు మీద చినుకుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తమ్ముణ్ణి ఊపిరి కూడా గట్టిగా తీయొద్దన్నాను. కాస్త కిందికి జరిపాను, పక్కకు జరిపాను. నా బడాయి కోసం నా ఇంటి బిడ్డనే పోగొట్టుకున్నానా అనుకుంటుండగా వినబడింది. దిండు కింద పెట్టిన గడియారంలాగా, తొందర తొందరగా. నమ్మలేక వాచీ చూసుకుంటూ నిమిషం పాటు లెక్కపెట్టాను. సక్రమంగా ఉంది. ఆ మాట చెబితే మరదలు కళ్ళు మూసుకుంది. తమ్ముడు తడి రోడ్డు మీద చతికిలబడి ఏడ్చాడు.

"నేనే గదక్కా బిగించింది" అన్నాడు.

"నీలం కావాలన్నది నేను గదరా" అన్నాను.

లైటు తగ్గించుకుని, మనిషి నడిచినంత నిదానంగా బండి నడిపి ఆసుపత్రి చేర్చాను. రెండు రోజులు కనిపెట్టి చూసి, తల్లికీ బిడ్డకూ ఏ ఇబ్బందీ లేదని పంపించారు. మూడో రోజు తమ్ముడు ఆ దీపాలు పీకేశాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పాత తీగల్లో కరెంటు సగం దారిలోనే సన్నగిల్లిపోతోంది, దీపం లోపలి మెరుపు పూత మాసిపోయింది. మొదట్లో దీపాలు మసకగా వెలగడంలో పాత బల్బుల తప్పు లేనే లేదు. వాడు బ్యాటరీ నుంచి నేరుగా కొత్త తీగలు లాగి, మధ్యలో రిలే అనే చిన్న స్విచ్చు పెట్టి, దీపాలు రెండూ మార్చి మామూలు బల్బులే వేశాడు. మా ఆయన తన బడి గోడ మీద సుద్దముక్కతో గీత గీస్తే, వెలుగు ఆ గీత దాటి పైకి పోకుండా తమ్ముడు సరిచేశాడు. ఆ సాయంత్రం రోడ్డు మీద ప్రతి గులకరాయీ కనబడింది. రెండు నెలలు తిరక్కుండానే మరదలికి ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది నేనే. ఆ పిల్ల ఇప్పుడు కదిరిలో ఇంటరు చదువుతోంది, నోరు మాత్రం వాళ్ళ నాయనదే.

ఆ రోజుల్లో మా దారిలో తిరిగే బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఎదురొచ్చే దీపాల ఎత్తును బట్టే ఇది పాలవ్యాను, ఇది మిల్లు లారీ అని పోల్చుకునేవాళ్ళం. దూరం నుంచే ఒకరికొకరం దీపాలు తగ్గించుకునేవాళ్ళం, అదే మాకు పలకరింపు. ఇప్పుడు రోడ్లు వెడల్పయ్యాయి. గుట్టల మీద గాలిమరలకు ఎర్రదీపాలు వచ్చాయి, బండ్లన్నిటికీ తెల్లటి వెలుగులు వచ్చాయి, తగ్గించే చేతులు మాత్రం కరువయ్యాయి. నేను మాత్రం తగ్గించి, నిదానించి, రోడ్డు ఓరనే చూసుకుంటూ పోతుంటాను. ఎప్పుడో ఒకసారి అవతలి దీపం కూడా మెత్తబడుతుంది. ఆ మనిషెవరో నాకు తెలియదు, పక్క నుంచి వెళ్ళిపోయాక ముఖం కూడా గుర్తుండదు. అయినా ఆ పూట క్షేమంగా ఇల్లు చేరాలని మనసులో అనుకుంటాను.