గీతల్లేని బొటనవేలు

మొన్న పింఛను కోసం బతికే ఉన్నానని రుజువు ఇచ్చుకోవడానికి నర్సీపట్నంలో మీసేవకి వెళ్తే, అక్కడి మిషను నా బొటనవేలిని నాలుగుసార్లు వద్దంది. కౌంటర్లో అమ్మాయి మర్యాదస్తురాలే, తుడుచుకోమని గుడ్డ ఇచ్చింది, ఇంకాస్త గట్టిగా నొక్కమంది, చివరికి జాలిపడి, "వయసైపోతే గీతలు అరిగిపోతాయి, ఏటి సేస్తాం మామ్మగారూ" అంది. జాలంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒళ్ళుమంట. నావి వయసుకి అరిగినవి కావమ్మా, పదకొండేళ్ళకే పోయాయి అందామనుకున్నాను గానీ, వెనకాల పెద్ద లైనుంది, పైగా నాతో వచ్చిన పిల్ల పని ఇంకా కాలేదు. తల్లీతండ్రీ లేని ఆ పిల్ల ఇక్కడి హాస్టల్లో చదువుకుని ఇప్పుడు నర్సింగులో చేరబోతోంది, ఫారాల పనులకి నేను తోడు వెళ్తుంటాను. కాసేపు బెంచీ మీద కూర్చోమంటే కూర్చుని నా వేళ్ళు నేను చూసుకున్నాను.

మాది మాకవరపాలెం దగ్గర పల్లె. ఒకే వానాకాలంలో, వారం తేడాతో, జ్వరం మా అమ్మనీ నాన్ననీ తీసుకుపోతే నేను చిన్నాన్న ఇంట్లో పడ్డాను. పడ్డాననడం అన్యాయం, ఆయన తన కంచంలోది తీసి నాకు పెట్టిన మనిషే. కానీ ఆ ఇల్లు నడిచేది జీడిపిక్కల మీద. పిన్నీ, చుట్టుపక్కల ఆడవాళ్ళూ షావుకారు దగ్గర్నుంచి పిక్కలు తెచ్చి, చిల్లుల రేకు మీద కాల్చి, చెక్కతో కొట్టి పప్పు తీసేవారు. మా వైపు పెరిగిన నా వయసు వాళ్ళకి ఆ పొగ వాసన చెప్పక్కర్లేదు. పెంకులోంచి కారే జీడి అంటుకుందంటే చర్మం నల్లబడి, పొక్కి, పొరలు పొరలుగా ఊడిపోతుంది. పెద్దవాళ్ళు వేళ్ళకి ఆముదం రాసుకునేవారు, పిల్లలకి బూడిదే గతి. బడినుంచి రాగానే నేనూ ఒక చెక్క పట్టుకుని కూర్చునేదాన్ని, పప్పు విరిగితే పిన్ని చేత తిట్లు తినేదాన్ని, మంటకి వేళ్ళు నోట్లో పెట్టుకుంటే మూతి కూడా పొక్కేది.

అయిదో తరగతి అయ్యాక మా మాస్టారు, నర్సీపట్నంలో ఆడపిల్లల హాస్టలు ఉందని చెప్పి, ఒక ఫారం తెచ్చి నాచేతే నింపించారు. అంతా అయ్యాక ఒక్క గడి మిగిలింది, సంరక్షకుని సంతకం లేదా వేలిముద్ర. ఆ ఒక్క గడి కోసం నెల్లాళ్ళు చిన్నాన్న వెనకాల తిరిగాను. పిన్నికి ఒక తమ్ముడున్నాడు, నాకు వరసకి మేనమామ, నేను ఈడేరగానే అతనికిచ్చి చెయ్యాలని ఇంట్లో అనుకున్నారు. అమ్మానాన్నా లేని పిల్లకి ఇంతకంటే మేలు ఎవరు చేస్తారని ఊరంతా మెచ్చుకుంది కూడా. నన్నెవరూ అడగలేదు, అడగాలని తోచే కాలమూ కాదు. చిన్నాన్న ఒద్దని ఏనాడూ అనలేదు, రేపు అనేవాడు, అంతే.

రేపటితో గడువు ముగుస్తుందనగా, అందరూ పిక్కల దగ్గరుండగా, దీపం మసిలో ఆముదం చుక్క కలిపి, నా బొటనవేలు ముంచి, ఆ గడిలో నేనే నొక్కేశాను. చిన్నాన్న వేలిముద్ర తయారు! మర్నాడు పొద్దున్నే జీడిబస్తాల బండి ఎక్కి నర్సీపట్నం వచ్చేశాను. దారి పొడుగునా నా తెలివికి నేనే మురిసిపోయాను.

హాస్టలు వార్డెనమ్మగారికి లావుపాటి కళ్ళద్దాలు, గరుకు గొంతు. ఫారం చూసి, "ఇది మీ సిన్నాన్న ఏలేనేటే?" అన్నారు. అవునన్నాను. ఆవిడ తన బొటనవేలు సిరాలో అద్ది నా ముద్ర పక్కనే నొక్కారు. సన్నటి ముగ్గు వేసినట్టు చుట్టలు చుట్టలుగా గీతలు పడ్డాయి. పక్కనే నాది, ఉత్త మసి మరక. నిజం చెప్తున్నాను, మనిషి వేలికి గీతలుంటాయని నాకు ఆ నిమిషం దాకా తెలీదు. నేనెరిగిన ఆడవాళ్ళ వేళ్ళన్నీ నునుపే, పిక్కలు ముట్టని చిన్నాన్న వేలు నేనెప్పుడూ పట్టి చూడలేదు. దొంగతనానికి వెళ్ళి సొంత గాజు అక్కడ వదిలేసి వచ్చినట్టయింది నా పని.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు. ఒక్కొక్క వేలూ విప్పి, ఏమైందని అడిగారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"నానే ఏసాను. ఆలు ఎయ్యరు. నాను సదువుకుంతాను, పంపించేస్తే మల్లీ వొచ్చెస్తాను" అన్నాను.

ఆవిడ ఇంకో ఫారం తీశారు. నా పేరు నాచేత రాయించి, సంరక్షకుల గడిలో తానే సంతకం పెట్టి, "ఇంకెప్పుడూ ఒకల ఏలు నువ్వు ఎయ్యకు, నీ ఏలు ఒకలికి ఇవ్వకు. బేగి సంతకం నేర్సుకో" అన్నారు.

మూడోనాడు చిన్నాన్నా పిన్నీ నన్ను తీసుకుపోవడానికి వచ్చారు. నేను వరండా స్తంభాన్ని వాటేసుకుని, ఈడ్చుకెళ్ళినా దారి నాకు తెలుసు, మళ్ళీ వస్తానని అరిచాను. వార్డెనమ్మగారు మాత్రం కేకలెయ్యలేదు. పెళ్ళి చెయ్యడానికి పిల్లని చదువు మాన్పించి తీసుకెళ్తున్నాను అని ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, చిన్నాన్న ముందు సిరాడబ్బా పెట్టి వేలు వెయ్యమన్నారు. ఆయన వేలు సిరాలో అద్దాడు. అద్ది, కాగితం మీదికి తెచ్చి, స్తంభాన్ని పట్టుకున్న నా చేతులకేసి చూశాడు. ఆ సిరా తన పంచెకే తుడిచేసుకుని, "ఉండనీండమ్మా" అని వెళ్ళిపోయాడు. పిన్ని నాతో రెండేళ్ళు మాట్లాడలేదు, మూడో ఏడు తన కూతుర్ని తనే తెచ్చి అదే హాస్టల్లో చేర్పించింది.

ఆ హాస్టల్లో నాలాంటి వాళ్ళం తొమ్మిదిమందిమి. ఎవరైనా వచ్చి "పాపం, అమ్మానాన్నా లేని పిల్లలు" అన్నారంటే, అందరం ఒక్క గొంతుతో "పాపం మీకే!" అనేవాళ్ళం. వార్డెనమ్మగారు పైకి తిట్టేవారు, కళ్ళద్దాల వెనకాల నవ్వేవారు. మన్యం నుంచి వచ్చిన పిల్ల ఒకతె నర్సయింది, ఇంకొకతె ఆఫీసులో టైపిస్టయి సొంతిల్లు కట్టుకుంది, నేను పంతులమ్మనై ముప్ఫయ్యేళ్ళు సుద్దముక్క పట్టుకున్నాను. మాకెవరూ మేలు చెయ్యలేదని కాదు, మా మేలు ఏమిటో మేమే చెప్పుకున్నాం, అది కొందరికి పొగరుగా కనిపించింది. కనిపించనీ.

ఇంతలో పిలుపు వచ్చింది. కౌంటర్లో అమ్మాయి ఇంకో మిషను నా కళ్ళ ముందు పెట్టి, రెప్ప వెయ్యొద్దంది. వెయ్యలేదు. బతికే ఉన్నానని ఆ మిషను చివరికి ఒప్పుకుంది. తర్వాత మా పిల్ల వేలు పెట్టింది, ఒక్కసారికే పడింది. తెర మీద చుట్టలు చుట్టలుగా, ఎక్కడా తెగకుండా గీతలు. పద్దెనిమిదేళ్ళు వచ్చినా ఒక్క కాలిన మచ్చ లేని ఆ వేలికేసి నేను అలాగే చూస్తూ ఉండిపోయాను, ఆ పిల్లకి నా చూపేమిటో అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే మంచిది.

వార్డెనమ్మగారు లేరు. ఆ పెంకుటి హాస్టలూ లేదు, దాని చోట మూడంతస్తుల మేడ వచ్చింది. నాలుగుసార్లు వద్దన్న ఆ మిషను నా వేలికి ఏమైందని ఒక్కసారైనా అడగలేదు, ఆవిడ చెయ్యి తిప్పి చూసి అడిగారు. అలా అడిగే మనుషులు తగ్గిపోతున్నారని నాకు దిగులుగానే ఉంటుంది.

పిల్ల ఫారం అచ్చయి వచ్చింది. సంరక్షకుల గడి ఇంకా ఉంది, అదీ చిన్నదే. నేను పెన్ను అడిగి తీసుకుని, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాను. సంతకం గడి దాటిపోతోంది మామ్మగారూ, అంది కౌంటర్లో అమ్మాయి.

దాటనీ అన్నాను.