పది నిమిషాల ముందు గంట

మా ప్రభుత్వ హైస్కూలుకి ఊళ్లో మంచి పేరుంది. పదో తరగతి ఫలితాల్లో మొదటి మూడు స్థానాల్లో ఉంటాం, వాలీబాల్లో ఎవరికీ లొంగం, సైన్సు ప్రదర్శనకి వెళ్లిన పిల్లలు ఉత్త చేతులతో తిరిగి రారు. అయితే ఎదురు వీధి దుకాణాలవాళ్లని అడిగితే ఇవేవీ చెప్పరు. మా గంట గురించి చెబుతారు. అది విని షట్టర్లు ఎత్తుతారు, అది విని భోజనానికి లేస్తారు.

ఆ గంట కొట్టేది మా అటెండరు. పిల్లలూ మేమూ అందరం గంటమ్మ అనే పిలుస్తాం. వరండా చివర వేలాడే రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టే ఇనుప కడ్డీ ఆవిడ ఆస్తి. చేతికి వాచీ లేదు. ఇరవై రెండేళ్లలో ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. ఆవిడ ఉందన్న ధీమాతోనే పరీక్షల హాల్లో గోడ గడియారం ఆగిపోయినా ఎవరూ బాగుచేయించలేదు.

గంటమ్మకి ఒకటే కోరిక, సైన్సు ల్యాబులో సహాయకురాలి పోస్టు. గాజు గొట్టాలు ఆవిడ కడిగినట్టు ఎవరూ కడగలేరు. కానీ దానికి పదో తరగతి ప్యాసవ్వాలి. మిగతావన్నీ గట్టెక్కాయి, లెక్కలు మాత్రం రెండుసార్లు తన్నేశాయి. ఈసారి కూడా పోతే పోస్టు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. అందుకని లెక్కల మాస్టారినైన నేను రోజూ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. స్పర్శరేఖ గీయమంటే వృత్తాన్ని అడ్డంగా కోసేసేది.

"పక్కనుంచి తగిలీ తగలనట్టు పోవాలమ్మా."

"పొద్దున్న మీరు హెడ్మాస్టరుగారి గది ముందునుంచి పోతారే, అలాగా సార్?"

నా ఆలస్యాలు బడంతా ఎరిగినవే.

లెక్కల పరీక్ష రోజు లెక్కల మాస్టర్లు హాల్లోకి వెళ్లకూడదు. గంటమ్మేమో హాల్లో ఉంది. దాంతో కడ్డీ నా చేతికొచ్చింది. మొదటి గంట హెడ్మాస్టరుగారు పక్కన నిలబడి కొట్టించారు. చివరిది నాకే వదిలేశారు. వాచీలో పన్నెండున్నర కాగానే భుజం నొప్పెట్టేలా వాయించాను.

హాల్లో జవాబు కాగితాలు లాక్కోవడం మొదలైంది. అప్పుడు కిటికీలోంచి గంటమ్మ గొంతు వినబడింది. "ఆ గంట తప్పు సార్. ఇంకా పది నిమిషాలుంది."

కాపలాకి వేరే బడినుంచి వచ్చిన మాస్టారు కూర్చోమని గద్దించాడు.

"ఇరవై రెండేళ్లు కొట్టినదాన్ని. కావాలంటే మీ చేతికున్నది చూసుకోండి."

ఆయన చూసుకున్నాడు. తర్వాత కిటికీలోంచి నన్ను చూశాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నా ఆలస్యానికి విరుగుడుగా మా ఆవిడ నా వాచీని పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టింది. ఇంట్లో ఆ సంగతి నాకు రోజూ గుర్తుండేది, అందుకే తీరిగ్గా బయల్దేరేవాణ్ణి. వరండాలో మాత్రం మర్చిపోయాను.

కాగితాలు వెనక్కిచ్చారు. గంటమ్మ అప్పటిదాకా వదిలేసిన స్పర్శరేఖ గీసింది, వృత్తాన్ని కోయకుండా. దానికి నాలుగు మార్కులు. ప్యాసుకి ముప్పై ఐదు కావాలి, ఆవిడకి ముప్పై ఏడు వచ్చాయి.

ల్యాబులో చేరిన రోజు పొద్దున మొదటి గంట కొట్టేశాక కడ్డీని కొత్త అటెండరుకి అప్పగిస్తూ జాగ్రత్తలు చెప్పింది. "ఎవరడిగినా ఇవ్వు తల్లీ, లెక్కల సారుకి మాత్రం ఇవ్వకు."

ఆ మాట నా చెవిన పడింది. అప్పుడే వస్తున్నాను మరి, హెడ్మాస్టరుగారి గది గోడ పక్కనుంచి, తగిలీ తగలనట్టు.