ముగ్గుపిండిలో రాసిన పేరు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. మా అమ్మ చివరి రోజుల్లో చెబుదామని పక్కన కూర్చుని కూడా, మంచినీళ్లు తాగించి లేచి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మిర్యాలగూడ నుంచి మాడుగులపల్లి వైపు వెళ్లే దారిలో ఒక ఊళ్లో గది అద్దెకు తీసుకుని, సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెప్పేవాణ్ణి. ఊరి పేరు రాయను. వచ్చేవాళ్లలో సైదమ్మ అని, గొర్రెలు కాసే ఇంటి ఆడమనిషి ఉండేది. నలభై దాటింది. మందలో తన గొర్రె ఏదో మొహం చూసి చెప్పేది గానీ, నిన్న నేర్చుకున్న అక్షరాన్ని ఇవాళ గుర్తుపట్టేది కాదు. పలక మీద అక్షరాలు కదులుతున్నాయనేది. మిగతావాళ్లు నవ్వేవారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను.

తర్వాత సూర్యాపేటలో మాకు శిక్షణ ఇచ్చిన ఒక పెద్దావిడ చెప్పింది. కొందరికి తెలివి తక్కువేమీ కాదట, కంటికీ అక్షరానికీ పడదట. అలాంటివాళ్లకు కళ్లు మూయించి, వేలితో రాయిస్తూ, ఆ శబ్దాన్ని పైకి పలికిస్తూ నేర్పాలట. నేను పళ్లెంలో ముగ్గుపిండి పరిచి సైదమ్మ ముందు పెట్టాను. వారం తిరక్కుండా మూడు అక్షరాలు నిలిచాయి. ఆమె కళ్లు తెరిచి, "ఇది మల్ల పోదు గద సారూ?" అని అడిగింది. పోదక్కా అన్నాను. గొర్రెల వెంట ఉన్నప్పుడు కూడా ఇలాగే చేస్తూ ఉండమన్నాను.

తట్టాల్సింది నాకు అక్కడే తట్టలేదు. కాలువ గట్టు మీద ఒక్కతే కూర్చుని, కళ్లు మూసుకుని, మట్టిలో వేలు తిప్పుతూ గొణుక్కునే ఆడమనిషిని చూసి ఊరు ఏమనుకుంటుంది? ఆ ఊరికి అప్పటికే బాణామతి భయం ఉంది. ఎవరో చేతబడి చేస్తున్నారని గుసగుసలు. సైదమ్మ పక్కింటి కోడలు రమకు జ్వరం పట్టుకుని నెలైంది. దవాఖానలో చూపించినా తగ్గలేదు. పట్టపగలు ఉలిక్కిపడి లేచి, గోడను చూస్తూ కూర్చునేదట.

ఆ వారమే నేను ఇంటిపని ఇచ్చాను. మీకు ఇష్టమైన మనిషి పేరు ఒకటి రాయండి అని.

రెండు రోజుల తర్వాత, తెల్లవారగానే నన్ను పిలిపించారు. రమ వాళ్ల గడప ముందు జనం. అంతమంది ఉన్నా ఎవరూ వాకిట్లోకి అడుగు పెట్టడం లేదు. కోళ్లు కూడా ఆ వైపు రాలేదు, లేదా నాకు అలా గుర్తుంది. వాకిట్లో ముగ్గుపిండితో రెండు ఆకారాలు, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. సైదమ్మ అలాగే రాసేది, మెల్లగా దిద్దవచ్చులే అని నేనూ వదిలేశాను. చూడగానే చదివేశాను. రమ. ఒళ్లు జలదరించింది, భయంతో కాదు, సంతోషంతో. ఆమె రాసిన మొదటి మాట అది.

రమ మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. "సారూ, నువ్వు సదువుకున్నోనివి. గిది ఏం రాత? జర సూసి చెప్పు."

నేర్పింది నేనే అంటే, కళ్లెందుకు మూయించావని అడుగుతారు. ఆమెతో కలిపి నన్నూ చెట్టుకు కట్టేస్తారు. నేను పరాయి ఊరివాణ్ణి. ఇన్ని లెక్కలు అంత తొందరగా ఎలా వేసుకున్నాను?

"ఇది తెలుగు కాదు," అన్నాను. "నాకు తెల్వదు."

సైదమ్మ జనం వెనక నిలబడి ఉంది. ఏం జరగబోతోందో ఆమెకు ఇంకా అర్థం కాలేదు. పిండి వంక, నా వంక చూసి సిగ్గుపడింది.

"మంచిగ రాయలేనట్టున్న సారూ. మల్ల రాస్త."

రాసింది ఎవరో ఆ మాటతో అందరికీ తెలిసిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజు ఊరి కంటే ముందు చెడ్డది నా నోరే.

తర్వాత జరిగింది నేను చూడలేదు. చూడకూడదనే గదికి వెళ్లి తలుపేసుకున్నాను. కేకలు మాత్రం విన్నాను. మధ్యాహ్నానికి సైదమ్మ వాళ్ల ఇల్లు ఖాళీ. రెండు వారాలకు రమ జ్వరం తగ్గింది, దాంతో ఊరికి నమ్మకం గట్టిపడింది. మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున, మాట పడిపోయిన ఒక ఆడమనిషి గొర్రెలు కాస్తుందని ఎవరో అన్నారు. నేను వెళ్లి చూడలేదు.

ఇప్పుడు కోదాడలో బడిపంతుల్ని. పాఠం మధ్యలో కిందికి చూస్తే, బల్ల మీది సుద్దపొడిలో ఆ రెండు అక్షరాలు తిరగబడి ఉంటాయి. నా వేలికి సుద్ద ఉంటుంది. రాసినట్టు గుర్తుండదు. ఒకసారి దసరా సెలవుల తర్వాత తరగతి గది తాళం తీస్తే, దుమ్ములో అప్పుడే రాసినట్టు ఉన్నాయి. వెళ్లేముందు నేనే రాసి మరిచిపోయానా? అంతే అయి ఉండాలి. అంతే అయి ఉండాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

నిరుడు నా ఆదివారం తరగతికి వచ్చిన రైస్‌మిల్లు హమాలీ ఒకాయన, అక్షరాలు కదులుతున్నాయండీ అన్నాడు. ఏం చేయాలో నాకు తెలుసు. కళ్లద్దాలు పెట్టించుకోమని పంపేశాను. ఆయన మళ్లీ రాలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఇది మీరు క్షమించేది కాదు. ఆ రోజు నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం రాస్తున్నాను. రాస్తుంటే గుండె కొంచెం తేలికవుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది.

అది తెలుగే. నేను నేర్పిందే. నువ్వు రాసింది నేను చదివానక్కా. రమ అని రాశావు.