ఉప్పు దిమ్మ పెట్టిన చోటు

చిన్నప్పుడు ఆమెను ఇంట్లో అందరూ "కాలుగాలిన పిల్లి" అనేవారు. పిలవడానికి మరీ పొడుగైందని కాబోలు, పోనుపోను "పిల్లి" ఒక్కటే మిగిలింది. యాభై నాలుగేళ్ళు వచ్చినా ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. అన్నం కూడా వంటగది గుమ్మంలో నిలబడే తింటుంది. "నువ్వు కూర్చుంటే ఇల్లు కూలిపోతుందా పిల్లీ?" అని వదిన అడిగితే, "ఏమో వదినా, ఎందుకొచ్చిన పరీక్ష" అంటుంది. నన్నడిగితే, ఆమె చేసే పనికి అలాంటి మనిషే కావాలి.

ఏడాదిలో నాలుగు నెలలు అన్నయ్య మందను ప్రభుత్వ అడవిలో మేపడం ఆమె పని. నూట ఇరవై ఆవులు. మేపడమంటే తోలి వదిలేయడం కాదు. వాటి మానాన వదిలేస్తే అవి వాగు గట్టు విడిచి కదలవు. నీళ్ళు అక్కడే, నీడ అక్కడే, లేత గడ్డీ అక్కడే. ఇంక కొండెక్కాల్సిన ఖర్మ వాటికేం పట్టింది? కానీ గట్టు మీద గడ్డి మొదలంటా కొరికేస్తే మట్టి విరిగి నీళ్ళలో పడుతుంది. వాగు వెడల్పయి, లోతు తగ్గి, ఎండకు కాగుతుంది. అందులో చేపపిల్ల కూడా బతకదు. అందుకని అటవీ ఆఫీసు ఒక లెక్క పెట్టింది. మంద అడవి దిగే రోజుకు గట్టు మీద గడ్డి బెత్తెడు ఎత్తు మిగిలి ఉండాలి. అంత లేకపోయినా, వాగుకు చేటు జరిగినట్టు కనబడినా సరే, మరుసటి ఏడు మందలో మూడోవంతు తగ్గించాలి. కొలిచేది మాత్రం ఎప్పుడో పాతిన నాలుగు ఇనుప కడ్డీల దగ్గరే.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవుల్ని గట్టు మీంచి అదిలించి అదిలించి ఆమె తల ప్రాణం తోకకొచ్చేది. మూడేళ్ళ కిందట ఒక ఉపాయం తట్టింది. ఆవులు నాకే ఉప్పు దిమ్మలు భుజాన వేసుకుని కొండ మీదికి మోసుకెళ్ళింది. అక్కడ చెట్ల నీడలో నాచు పట్టిన చిన్న ఊట ఉంది. ఉప్పు నాకితే దాహం వేస్తుంది, నీళ్ళు పక్కనే ఉంటే దాహానికని కిందికి దిగవు కదా అనుకుని, దిమ్మలు సరిగ్గా ఊట పక్కనే పెట్టింది. పాచిక పారింది. గట్టు మీద గడ్డి మోకాలి దాకా లేచింది. అన్నయ్య ఆమెను నెత్తిన పెట్టుకున్నాడు.

ఈ ఏడు కొలతలకు ముందురోజు ఆమెకు మనసు మనసులో లేదు. గడ్డి బ్రహ్మాండంగా ఉంది, వాగులో నీళ్ళే లేవు. పాదం మునిగితే గొప్ప. వానలు బాగానే పడ్డాయి, మరి నీళ్ళేమయ్యాయి? వాగు వెంబడి పైకి నడుచుకుంటూ పోయింది. పోయి పోయి తన ఉప్పు దిమ్మ దగ్గరే తేలింది.

రోజూ చూసే చోటే. మూడేళ్ళుగా అక్కడ ఆవుల్నే చూసింది, వాటి కాళ్ళ కింది నేలను చూడలేదు. బురద కనబడినప్పుడల్లా మంద పైనే ఉందని సంబరపడింది. ఇప్పుడు నాచు లేదు. నేలంతా గిట్టలు దిగిన గుంటలు, వాటి మధ్య ఎండి గట్టిపడిన మట్టిపెళ్ళలు. నానిన నేలలోంచి రాత్రింబవళ్ళు కిందికి జారాల్సిన నీళ్ళు గుంటల్లో నిలిచి కంపు కొడుతున్నాయి. గట్టును కాపాడబోయి చేతులారా వాగు ప్రాణానికే ఎసరు పెట్టింది.

ఆ సాయంత్రం పశువుల కొట్టంలో అన్నయ్య తలుపు బందుకు నూనె వేస్తుంటే సంగతంతా చెప్పింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు విన్నాడు.

"అక్కడ కడ్డీ ఉందా?"

"లేదు."

"మరింకేం?"

"ఊట పోతే వాగు పోతుందన్నయ్యా."

"ముందు ఈ ఏడు గట్టెక్కనీ. వచ్చే ఏడు దిమ్మ ఇంకోచోట పెడుదువుగాని. రేపు కొలతలకొచ్చే రేంజరుతో మాత్రం అనకు."

మర్నాడు రేంజరు వచ్చాడు. కుర్రాడే, చేతిలో ఉక్కు స్కేలు. నాలుగు కడ్డీల దగ్గరా వంగి కొలిచి, నాలుగుచోట్లా బాగుందన్నాడు. అన్నయ్య ముఖం చాటంత అయింది. ఆమె మాత్రం చీర చెంగు నలుపుతూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"మీ ఉప్పు సంగతి విన్నానమ్మా," అన్నాడు రేంజరు. "ఈ అడవిలో ఇంకా ఐదు మందలున్నాయి. దిమ్మ ఎక్కడ పెడుతున్నారో చూపిస్తే ఫోటో తీసుకుంటా. వచ్చే ఏడు వాళ్ళచేత కూడా అలాగే పెట్టిస్తా."

"చాలా ఎక్కాలి సార్," అన్నాడు అన్నయ్య గబగబా. "నేను చెప్తాలెండి."

ఐదు మందలు, ఐదు ఊటలు. ఆ మెచ్చుకోలు ఆమెకు పుండు మీద కారంలా ఉంది. "ఎక్కువ దూరమేం కాదు, రండి," అని ముందు నడిచింది. అన్నయ్య వైపు చూసే ధైర్యం లేకపోయింది.

పైకెళ్ళాక రేంజరు ఫోటో తీయలేదు. గొంతుక్కూర్చుని ఒక గుంటలో చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా దిగింది.

"నేనే పెట్టాను," అంది. "నీళ్ళుంటే కిందికి దిగవని పెట్టాను. కంచె వేస్తే కోలుకుంటుందా?"

"పదేళ్ళు పడుతుందేమో. కానీ ఈ చోటు మరిగిన ఆవులు కంచె విరగ్గొట్టుకునైనా వస్తాయమ్మా. ముందు వాటిని తప్పించాలి." అని, కొలతల కాగితం కింద నాలుగు ముక్కలు రాశాడు. మంద మూడోవంతు తగ్గింది.

అన్నయ్య మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున లారీ వచ్చింది. "నలభై పోవాలి," అన్నాడు గేటు దగ్గర నిలబడి. "ఏవి పోవాలో నువ్వే చెప్పు. చూపించింది నువ్వే కదా."

ముసలివాటినీ ఒట్టిపోయినవాటినీ చూపిస్తుందనే ఆయన అనుకున్నాడు. ఆమెకు ఒంటికొమ్ము ఆవు మీంచి చూపు మరలడం లేదు. తల్లి చచ్చిపోతే వంటింట్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టి పెంచిన ఆవు అది. మొదటిరోజు ఉప్పు దిమ్మ మోసుకుంటూ కొండెక్కుతుంటే వెనకాలే వచ్చింది అదొక్కటే. దాని వెనకాల మిగతావి వచ్చాయి. ఏ కంచె వేసినా వచ్చే ఏడు అది తిన్నగా ఊట దగ్గరికే పోతుంది, మందనంతా వెంటేసుకుని మరీ పోతుంది. ఆమెకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత నోటితో చిన్నగా చప్పుడు చేసి పిలిచింది. మిగతావాటిని తోసుకుంటూ వచ్చి, అది ఆమె అరచేతిలో ముట్టె పెట్టి ఉప్పు కోసం వెతికింది.

అన్నయ్య కంగారుపడ్డాడు. "అది వద్దులేవే. ఇంకోటి చెప్పు."

"దారి దీనికే బాగా తెలుసన్నయ్యా. నేనే నేర్పాను," అని ఆమె గేటు తీసింది.