పెద్ద తేదీ నీళ్లు

తండ్రి ఆస్తి పంచినప్పుడు ఇల్లూ, పశువులూ, దిగువ పొలమంతా ఓరిన్ స్టావిగ్‌కే వచ్చాయి. అక్క ఆర్డిస్‌కు ఎగువన చిన్న గడ్డిమడి ఒక్కటే దక్కింది. అదృష్టమంటే ఓరిన్‌దే అన్నారు జనం. అతను మాత్రం ఆ పంపకాన్ని అరవై దాటినా మింగలేకపోయాడు. ఆ మడితో పాటు పద్దెనిమిది వందల ఎనభై మూడు నాటి నీటి హక్కు అక్కకు పోయింది. తనది తొంభై ఒకటి నాటిది. మోంటానా లోయల్లో ముందు కాలువ తవ్వినవారిదే మొదటి బంతి. ఆగస్టులో టామరాక్ వాగు సన్నగిల్లిందంటే, పాత హక్కున్న పెద్ద తేదీవాళ్లు తిని లేచాకే చిన్న తేదీవాళ్లకు విస్తరి.

నాన్నకు అక్కంటేనే ప్రాణమని ఓరిన్ నమ్మకం. ఆ మాట పైకి అన్నది లేదు.

ఆర్డిస్ పట్నంలో పంతులమ్మగా ఉన్నన్నాళ్లూ ఆమె నీళ్లు కూడా ఓరిన్ పొలంలోనే ఇంకాయి. వాడని హక్కు చేజారుతుందన్నది అక్కడి రైతుల తొలి పాఠం. అందుకే గడ్డి కోసేశాక కూడా ఉత్త మోళ్ల మీద నీళ్లు పారించేవాడు. ఉద్యోగం విరమించి వచ్చిన ఆర్డిస్ మాత్రం తన వాటాను వాగుకే వదిలేసింది. చేపల కోసం వాగులో వదిలినా వాడినట్టేనని, తేదీ చెక్కుచెదరదని చట్టం ఒప్పుకుంది. గుడ్లు పెట్టేందుకు ట్రౌట్ చేపలు ఎగువకు ఎక్కే దారి అది. ఏటా ఎండలకు వంతెన కింద రాళ్లు తేలి తెగిపోయేది. ఇప్పుడు ఆ నీళ్లు ఓరిన్ తూము ముందు నుంచే, అతను తాకడానికి వీల్లేకుండా, గలగలమంటూ పోతున్నాయి. తాకితే తూముకు తాళం వేయడానికి కోర్టు పెట్టిన నీరటి పర్సెల్ ఉండనే ఉన్నాడు.

అదైనా ఓర్చుకునేవాడేమో. కానీ భార్య నెవా కూడా ఆర్డిస్ వెంట చేపగూళ్లు లెక్కపెట్టడానికి వెళ్లసాగింది.

"ఏమయ్యా, తల్లిచేప గులకరాళ్లన్నీ తోకతో తోసి గూడు చేస్తుంది తెలుసా! నువ్వూ రారాదూ?"

"నా ఆవులు ఈనినప్పుడు నీ కళ్లలో ఈ వెలుగు ఏనాడూ చూళ్లేదే."

"నీ ఆవులు ఏటా ఈనుతాయి. ఇవి ఎన్నేళ్లకొచ్చాయని!"

"వచ్చింది మీ ఆడపడుచు దగ్గరికేగా."

"అబ్బో, చేపలు కూడా నీ గుమ్మం ముందుకే రావాలా!" అని నెవా నవ్వింది. ఆ నవ్వు అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది.

సెప్టెంబరు చివరి ఆదివారం, తలా ఒక వంటకం తెచ్చుకునే చర్చి విందులో వాగును బతికించిందని పాస్టరు ఆర్డిస్‌ను లేపి నిలబెట్టి పొగిడాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నెవా. ఓరిన్ చేతిలో పళ్లెం అక్కడే పెట్టి బయటికి నడిచాడు. నేరుగా వెళ్లి తూము తలుపు పూర్తిగా ఎత్తాడు. కాలువకు అడ్డంగా కాన్వాసు గుడ్డ కట్టాడు. నీళ్లు గట్టు పొర్లి లూసర్న్ గడ్డి మోళ్ల మీద పరుచుకున్నాయి. కోసేసిన మడికి ఒక్క చుక్క అక్కర్లేదు. అయినా నాన్న నీళ్లలో బూట్లు మునిగేలా నిలబడితే అతని కడుపు చల్లబడింది.

కాసేపటికి మోళ్లలో టపటపమని చప్పుడైంది. గుడ్లు పెట్టి దిగువకు మళ్లిన చేపలు తూములోంచి కాలువలోకి, కాలువలోంచి మడిలోకి వచ్చిపడ్డాయి. మోచేయంత చేప ఒకటి చీలమండలోతు నీళ్లలో పక్కకు ఒరిగి కొట్టుకుంటోంది. పట్టుకోబోతే జారిపోయింది. ఓరిన్ కాన్వాసు గుడ్డ పెరికి, నీళ్లతో సహా చేపను అందులోకి తోశాడు. ఒక్కడి వల్ల ఎత్తడం కాలేదు.

వంతెన కింద రాళ్లు తేలడం చూసి, చర్చి బట్టల్లోనే గట్టు వెంట ఎక్కివచ్చింది ఆర్డిస్.

"బుద్ధుందట్రా నీకు? కోసిన మడికి నీళ్లెందుకు?"

"నాన్న నీళ్లు కదక్కా. ఒక్కసారి నా పొలంలో చూసుకుందామని."

"ఇల్లు నీకిచ్చాడు. అమ్మ పొయ్యి నీకిచ్చాడు. పుట్టింట్లో తలుపు తట్టి లోపలికొచ్చే చుట్టాన్నయ్యాను నేను. నాకు మండదనుకున్నావా?"

ఓరిన్ తలెత్తాడు. "నిజంగా మండిందా?"

"నీ పెళ్లిలో కేకు కోస్తుంటే కూడా మండింది. అటు కొస పట్టుకో, నీళ్లు కారిపోతున్నాయి."

గుడ్డను ఉయ్యాలలా పట్టుకుని ఇద్దరూ ఒక్కో చేపనూ వాగుకు మోశారు. మోళ్లలో ఒక చిన్నది అప్పటికే చచ్చిపడి ఉంది. ఆర్డిస్ దాన్ని చేతిరుమాలులో చుట్టింది. మడిలో ఇంకేమీ మిగల్లేదని చూసుకున్నాక ఓరిన్ తూము దించాడు. మోచేయంత చేపను చివరికి అట్టేపెట్టుకున్నాడు. దాని పొట్ట కింద చేతులు పెట్టి, ముఖం ప్రవాహానికి ఎదురుగా నిలిపాడు. మొప్పలు మెల్లగా తెరుచుకున్నాయి. ఒక్క విదిలింపుతో అది వెళ్లిపోయింది.

"పర్సెల్‌కు చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? నువ్వే చెప్తావు."

"తాళం వేస్తాడు."

"వేయనీ."

తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు ఓరిన్.

"సరే, చెప్తాను. కానీ ఆ పెద్దది నా చేతుల్లోంచే పోయిందని నువ్వు చెప్పాలి."

"ఎవరికిరా?"

"ముందు నెవాకి."